బెట్టింగ్ సైటు సైన్-అప్ బోనస్ (కొత్తగా ఖాతా తెరిస్తే ఇచ్చే సొమ్ము) తీసుకునే ముందు

మీరున్న చోట ఆన్‌లైన్ బెట్టింగ్‌కు చట్టం ఒప్పుకుంటుందా? సైటుకు అక్కడి లైసెన్సు ఉందా? ఏ ఒక్కటి లేకపోయినా ఇక్కడే ఆగిపోండి.

అసలు చూడాల్సింది, బోనస్‌ను డబ్బుగా బయటికి తీసుకోవాలంటే దానికి ఎన్ని రెట్లు పందెం కాయమంటున్నారన్నది. 100 బోనస్‌కు 10 రెట్లంటే 1,000 మేర పందేలు కాయాలి. సైటు మార్జిన్ (పందేల సొమ్ములో సగటున సైటుకు మిగిలే వాటా) 5 శాతం అనుకుంటే సగటున 50 అక్కడే కరిగిపోతుంది. మీరు వేసిన 100 డిపాజిట్‌ను కూడా కలిపి 10 రెట్లు అడిగితే బోనస్ మొత్తం హరీ. పెద్ద అక్షరాల్లో కనిపించేది మాత్రం ఆ 100 ఒక్కటే!

బోనస్‌గా ఇచ్చేది ఫ్రీ బెట్ (సైటు సొమ్ముతో కాసే పందెం) అయితే, గెలిచినా పందెం సొమ్ము సాధారణంగా తిరిగి రాదు. 3.00 ఆడ్స్ (గెలిస్తే పందెంతో కలిపి ఎన్ని రెట్లు వస్తుందో చెప్పే అంకె) మీద 100 ఫ్రీ బెట్ గెలిస్తే చేతికొచ్చేది 200, 300 కాదు.

ఆ పందేలకు ఉండాల్సిన కనీస ఆడ్స్, వాటిని పూర్తి చేయాల్సిన గడువు రాసి పెట్టుకోండి. కొన్ని ఈ-వాలెట్ల ద్వారా వేసిన డబ్బుకు బోనస్ ఇవ్వని సైట్లున్నాయి.

గుర్తింపు పత్రాల పరిశీలన డబ్బు వేయకముందే ముగించండి. పేరులో అక్షరం తేడా ఉన్నా, గెలిచిన సొమ్ము ఆగిపోవచ్చు. ఇంట్లోవాళ్ల పేరుతో రెండో ఖాతా తెరవకండి. రెండూ మూసేసే అవకాశం ఉంది.

డిపాజిట్ పరిమితి ముందే పెట్టుకోండి. అప్పు తెచ్చిన డబ్బయినా, పోయినదాన్ని రాబట్టాలన్న ఆలోచన ఉన్నా, ఈ బోనస్ జోలికే వెళ్లకండి.