యూనివర్సిటీ ర్యాంకు చూసి మోసపోకుండా సీటు ఎంచుకోవడం ఎలా?

జూన్ వచ్చిందంటే తార్నాకలో మా ఇంటి వరండాలో కుర్చీలు చాలవు. వెబ్ ఆప్షన్లు పెట్టాల్సిన పిల్లలు, వాళ్ల వెంట అమ్మానాన్నలు. ఓసారి ఒక తండ్రి ఫోనులో రెండు స్క్రీన్‌షాట్లు చూపించి, "సార్, ఇది ఆరో ర్యాంకు, ఇది నలభై మూడో ర్యాంకు. ఆరోదాంట్లోనే చేర్పిద్దామనుకుంటున్నా" అన్నాడు. రెండూ ఉస్మానియావే. కేంద్ర విద్యాశాఖ ఏటా ఇచ్చే ర్యాంకులను ఎన్‌ఐఆర్‌ఎఫ్ అంటారు. 2024లో ఎన్‌ఐఆర్‌ఎఫ్ మొదటిసారిగా రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలకు విడిగా ఒక జాబితా ఇచ్చింది. అందులో ఉస్మానియాది ఆరో స్థానం. అదే ఏడాది అన్ని రకాల యూనివర్సిటీలనూ కలిపిన జాబితాలో 43. స్క్రీన్‌షాట్ తీసినవాళ్లెవరో పైనున్న జాబితా పేరు కత్తిరించేశారు, అంతే.

పిల్లల మూడు నాలుగేళ్ల చదువును ఇలా ఒక్క అంకె మీద పెట్టేయడం చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు. ఒక ల్యాప్‌టాప్ లేదా దగ్గర్లోని నెట్ సెంటర్, ప్రింటరు, కాలిక్యులేటర్, ఎర్ర పెన్ను, రెండు గంటల టైము. ఫోనులో మాత్రం చూడకూడదు. పట్టికలో కుడివైపు గళ్లు తెర దాటిపోతాయి, మనకు కావాల్సినవి అక్కడే ఉంటాయి. ప్రింటు తీయాల్సిందే.

మొదట ఆ సంస్థ ఎవరిదో తేల్చుకోండి. ఐదు నిమిషాల పని. పార్లమెంటు చట్టంతో వచ్చినవి సెంట్రల్ యూనివర్సిటీలు: గచ్చిబౌలిలో 1974 నాటి హైదరాబాద్ యూనివర్సిటీ, 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ, మా పక్కనే ఉన్న ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ. ఉస్మానియా, జేఎన్‌టీయూ రాష్ట్ర ప్రభుత్వానివి. డీమ్డ్ అంటే యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ యూజీసీ చట్టం మూడో సెక్షన్ కింద యూనివర్సిటీతో సమానమని గుర్తింపు పొందినవి. ఈ మాట మంచిచెడులను చెప్పదు. డబ్బు ఎవరు ఇస్తారు, ఫీజు ఎంత ఉండొచ్చు అన్న అంచనా మాత్రం ఇస్తుంది.

ఇక బిరుదులు. 'ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ నేషనల్ ఇంపార్టెన్స్' అంటే పార్లమెంటు చట్టం చేసి ఇచ్చిన హోదా, ఐఐటీ హైదరాబాద్‌కు ఉన్నది అదే. 'ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్' వేరు. అది 2019లో హైదరాబాద్ యూనివర్సిటీకి వచ్చింది. ప్రభుత్వ సంస్థకైతే ఐదేళ్లలో 1000 కోట్ల రూపాయల దాకా సాయం, మరింత స్వేచ్ఛ దాని అర్థం. 'కేటగిరీ-1' అన్నది 2018లో యూజీసీ పెట్టిన వర్గీకరణ. కాలేజీలను, యూనివర్సిటీలను పరిశీలించి గ్రేడు ఇచ్చే సంస్థ న్యాక్. దాని దగ్గర నాలుగు పాయింట్లకు 3.51 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే, కొత్త కోర్సులు, విభాగాలు పెట్టుకోవడానికి ప్రతిసారీ యూజీసీ అనుమతి అడగనక్కర్లేదు. ఇవన్నీ రిజిస్ట్రార్ ఆఫీసుకు పనికొచ్చే విషయాలు. మీ అమ్మాయికి రేపు కెమిస్ట్రీ ల్యాబ్‌లో పాఠం ఎవరు చెబుతారో వీటిలో ఉండదు. పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో "మావాడిది ఎమినెన్స్, మీవాడిది ఇంపార్టెన్స్" అని వాదులాడుకోవడం విన్నాను. రెండింటినీ ఒక త్రాసులో వేసి తూచలేం.

తర్వాత న్యాక్ గ్రేడు. నాలుగు పాయింట్లకు 3.51 నుంచి ఏ ప్లస్ ప్లస్, 3.26 నుంచి 3.50 వరకు ఏ ప్లస్, 3.01 నుంచి 3.25 వరకు ఏ. అంటే 3.50కీ 3.51కీ మధ్య ఉన్నది పాయింటులో వందో వంతు, బ్యానర్ మీద మాత్రం ఒక ప్లస్ తేడా. అందుకే గ్రేడు అడగొద్దు, స్కోరు అడగండి. దాంతోపాటు గడువు తేదీ కూడా. గ్రేడు మామూలుగా ఐదేళ్లే చెల్లుతుంది. మా వీధిలో ఒకమ్మాయి గేటు మీద రాసిన గ్రేడు చూసి ఓ ప్రైవేటు కాలేజీలో చేరింది. ఆ గ్రేడు గడువు అప్పటికే అయిపోయిందని రెండో ఏడాదిలో గానీ తెలియలేదు. ఇంకో మాట: యూనివర్సిటీకి వచ్చిన గ్రేడు దాని అనుబంధ కాలేజీలకు రాదు. ఉస్మానియా అఫిలియేషన్ ఉన్న కాలేజీ ఉస్మానియా అయిపోదు. కాలేజీది విడిగా చూసుకోవాలి.

ఇక్కడిదాకా అందరూ బాగానే చేస్తారు. పాడయ్యేదంతా ఎన్‌ఐఆర్‌ఎఫ్ దగ్గరే, అక్కడ మాత్రం తొందరపడకండి.

యూనివర్సిటీల జాబితాలో మార్కులు ఇలా వేస్తారు. బోధన, వనరులకు 30. పరిశోధనకు 30. చదువు ముగించినవాళ్ల ఫలితాలకు 20. ఆడపిల్లలు, ఇతర రాష్ట్రాల వాళ్లు, పేద, వెనకబడిన వర్గాల పిల్లలు, వికలాంగుల సదుపాయాలకు కలిపి 10. ఆ సంస్థ పేరు మీద అధ్యాపకులకూ కంపెనీలవాళ్లకూ ఉన్న అభిప్రాయానికి ఇంకో 10. బీఎస్సీలో చేరబోయే అబ్బాయికి ఆ పరిశోధన 30 మార్కులు ఏ మేరకు అక్కరకొస్తాయి? పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లకు అవే ప్రాణం. కాబట్టి మొత్తం ర్యాంకును పక్కన పెట్టి, సంస్థ పేరు కింద 'మోర్ డీటెయిల్స్' నొక్కండి. ఐదు అంశాల్లో విడివిడిగా ఎంతొచ్చిందో కనబడుతుంది. మీ పిల్లలకు పనికొచ్చే రెండింటికి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. డిగ్రీకైతే బోధన, ఫలితాలు. ఇంకేవీ వద్దు.

ఇప్పుడు అసలైన కాగితం. ఆ సంస్థ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు ఇచ్చిన సమాచారం పీడీఎఫ్‌గా దొరుకుతుంది. అందులో ప్లేస్‌మెంట్ పట్టిక వెతకండి. ఒకే వరుసలో ఎంతమంది చేరారు, రెండో ఏడాదిలో లేటరల్ ఎంట్రీగా ఎంతమంది వచ్చారు, గడువులోపల ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం, పై చదువులకు ఎంతమంది వెళ్లారు అని ఉంటుంది.

లెక్క ఎలా తప్పుతుందో ఒక ఉదాహరణతో చూపిస్తాను. అంకెలు నేను వేసుకున్నవే. 110 మంది చేరారు, లేటరల్ ఎంట్రీలో 10 మంది వచ్చారు, మొత్తం 120. గడువులో పాసైనవాళ్లు 84. ఉద్యోగాలు 42. పై చదువులు 14. కాలేజీ బ్రోచర్ ఏం చేస్తుందంటే, 84లోంచి 14 తీసేసి, మిగిలిన 70 మందిలో 42 మందికి ఉద్యోగం అని 60 శాతం వేస్తుంది. అబద్ధమేమీ కాదు. కానీ మీ పిల్లవాడు చేరేది ఆ 70 మందిలో కాదు, 120 మందిలో. అక్కడ లెక్క 35 శాతమే. 36 మంది గడువులో బయటపడనే లేదు. నేను ముందు ఆ 36నే చూస్తాను, జీతం ఆ తర్వాతే. మూడేళ్ల వరుసలూ ఇలాగే వేయాలి. ఒక ఏడాది బాగుండి రెండేళ్లు లేకపోతే ఆ ఒక్క ఏడాదిని నమ్మకూడదు.

ఇక్కడ ఇంకో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఈ పట్టిక బ్రాంచిల వారీగా ఉండదు. నాలుగేళ్ల కోర్సులన్నీ ఒక వరుస. కంప్యూటర్ సైన్స్, సివిల్ కలిసిపోతాయి. సివిల్‌లో చేరేవాళ్లు ఆ మీడియన్ జీతాన్ని తమదనుకుంటే పొరపాటు. మీడియన్ అంటే జీతాలను వరుసగా పేర్చితే నడిమధ్యన ఉన్నది, సగం మందికి అంతకన్నా తక్కువే. మెట్రో పిల్లర్ల మీద వేసే 'హైయెస్ట్ ప్యాకేజీ' ఒక్కరిది.

రెండోది ప్రభుత్వ యూనివర్సిటీల గురించి, ఇది నా మనసుకు దగ్గరి విషయం. ఉస్మానియా లైబ్రరీలో పొద్దున్నే వెళ్లి చూడండి, గ్రూప్స్‌కు చదివే పిల్లలు స్టీలు టిఫిన్ డబ్బాతో సహా కుర్చీ పట్టుకుని కూర్చుని ఉంటారు. డిగ్రీ, పీజీ అయ్యాక రెండు మూడేళ్లు ఇలా చదివి ఉద్యోగం తెచ్చుకునేవాళ్లు ఆ పట్టికలో ఉద్యోగం గడిలోనూ ఉండరు, పై చదువుల గడిలోనూ ఉండరు. ఊరి నుంచి మొదటిసారి యూనివర్సిటీకి వచ్చిన పిల్లలు, తక్కువ ఫీజుతో చదివేవాళ్లు ఎక్కువగా ఉన్నందుకు వచ్చేది ఆ పది మార్కుల్లో ఓ వాటా. అదే సమయంలో రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏళ్లుగా అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఆ దెబ్బ బోధన మార్కుల్లో నేరుగా పడుతుంది. రెండూ నిజమే, రెండూ కాగితం మీద పక్కపక్కన రాసుకోవాలి.

విదేశీ ర్యాంకింగులు డిగ్రీ సీటు కోసం చూడకూడదు. క్యూఎస్ అనే జాబితాలో 30 శాతం ప్రొఫెసర్ల అభిప్రాయ సర్వేదే, షాంఘై జాబితాలో నోబెల్ బహుమతులకు కూడా మార్కులుంటాయి. యూట్యూబ్‌లో 'టాప్ టెన్' వీడియోల కన్నా నా పద్ధతి నయమని ఎందుకంటానంటే, వాళ్లు ఆ జాబితా ఎలా తయారు చేశారో చూపించరు. ఇక్కడ ప్రతి అంకె పక్కనా అది ఎక్కణ్ణుంచి వచ్చిందో మీ చేతిరాతలోనే ఉంటుంది.

ఇంజనీరింగ్ అయితే ఎన్‌బీఏ, అంటే సాంకేతిక కోర్సుల నాణ్యత చూసే జాతీయ బోర్డు, ఇచ్చే గుర్తింపు చూడండి. అది కాలేజీకి కాదు, ఒక్కో బ్రాంచికి విడిగా ఇస్తారు. మీ బ్రాంచికి ఉందా, ఎప్పటిదాకా ఉంది, అంతే.

చివరికి వెళ్లి చూడాలి. మంగళవారమో బుధవారమో, పొద్దున పదకొండింటికి. ఓపెన్ డే నాడు వెళ్లొద్దు. డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద టైంటేబుల్ ఫోటో తీసుకోండి, ఆ గంటకు జరగాల్సిన క్లాసు దగ్గరికి వెళ్లి జరుగుతోందో లేదో చూడండి. మూడో ఏడాది విద్యార్థి ఒకరిని పట్టుకుని, "ఈ సెమిస్టర్‌లో ప్రతి పేపరూ ఎవరు చెప్పారు తమ్ముడూ?" అని అడగండి. పేర్లు గబగబా చెప్పాడా, ఆలోచించి చెప్పాడా గమనించి, ఆ పేర్లను అదే ప్రింటు వెనక బస్సెక్కక ముందే రాసుకోండి.