చిన్న స్పోర్ట్స్ కారులో ఎడమ పాదానికి ఆసరా: ఫుట్‌రెస్టు బిగించే విధానం

జయపురం నుంచి కొరాపుట్, సునాబెడ, సిమిలిగుడ, పొట్టంగి మీదుగా సాలూరుకు దిగే 26వ నంబరు జాతీయ రహదారిపై, ముఖ్యంగా సుంకి ఘాట్ మలుపుల్లో, రెండు సీట్ల చిన్న కారు నడిపేవారికి ముందుగా అలిసేది ఎడమ కాలే. సీటు నేలకు దగ్గరగా ఉండి కాళ్లు ముందుకు చాచి కూర్చోవలసిన ఇటువంటి కార్లలో, క్లచ్ తొక్కని సమయంలో పాదానికి ఒక చోటంటూ లేకపోతే అది క్లచ్ పెడల్ మీదనే వాలుతుంది. అలా వాలిన పాదం బరువుకు, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు ఎడతెగకుండా నలుగుతుంది. బరువు ఇంకొంచెం పెరిగితే క్లచ్ ప్లేటు జారి అరుగుతుంది. మలుపులో శరీరం పక్కకు ఒరిగినప్పుడు ఎడమ కాలిని గట్టిగా ఆన్చి నడుమును సీటుకు అదిమి పట్టగలిగితే, చేతులు స్టీరింగును ఊతంగా వాడుకోకుండా దానిని తిప్పే పనికే పరిమితమవుతాయి. ఘాట్‌లో ఈ రెండవ ప్రయోజనమే గొప్పదని నా అభిప్రాయం.

మన కార్లలో స్టీరింగు కుడివైపు ఉంటుంది కనుక, క్లచ్‌కు ఎడమ పక్కన గేరుబాక్సును కప్పే టన్నెల్ గోడ వస్తుంది. 1989లో మొదలైన మాజ్డా ఎంఎక్స్-5 వలె ఇంజను ముందు ఉండి వెనుక చక్రాలను నడిపే కార్లలో, గేరుబాక్సు ఇంజనుతో కలిసే చోట వెడల్పు ఎక్కువ కాబట్టి, సరిగ్గా పాదం పెట్టవలసిన దగ్గరే ఆ గోడ ఉబ్బి ఉంటుంది. అందుచేత బజారులో దొరికే ఫుట్‌రెస్టు కొనే ముందు, క్లచ్ పెడల్ అంచుకూ ఆ గోడకూ మధ్య ఎడం కొలవాలి. మీరు నడిపేటప్పుడు వేసుకునే బూటు వెడల్పుకు కనీసం రెండు సెంటీమీటర్లు అదనంగా ఉండాలి.

ఈ పనిలో అన్నింటికన్నా ఎక్కువ సమయం ఇవ్వవలసింది అట్టతో చేసే నమూనాకు. కారును చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగి ఉండేలా సీటును సరిచేసుకోవాలి. తరువాత మందపాటి అట్టముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి, టేపుతో చుట్టి, ఎడమ పాదం కింద వాలుగా పెట్టి చూడాలి. పాదానికీ పిక్కకూ మధ్య కోణం లంబకోణం గానీ అంతకన్నా కొంచెం ఎక్కువ గానీ ఉండాలి. మడమ నేలపైనే నిలవాలి. అట్ట ఉపరితలం, తొక్కని క్లచ్ పెడల్ కన్నా ఒకింత లోపలికి ఉండటం మంచిది. అది పెడల్ కన్నా మీ వైపుకు వస్తే, ప్రతి గేరుకూ మోకాలిని పైకి లాగి పాదాన్ని తిప్పవలసి వస్తుంది. మరీ లోపలికి పోతే కాలు నిటారుగా చాచుకుపోయి, ఆన్చినా బలం రాదు. అరగంట కదలకుండా కూర్చుంటే ఏ కోణం నప్పుతుందో చీలమండే చెబుతుంది. ఒకే కారును పొడవైనవారూ పొట్టివారూ నడిపే ఇంట్లో, బ్రాకెట్టు రంధ్రాలను గుండ్రంగా కాక పొడవుగా కోయించుకుంటే ప్లేటును జరుపుకోవచ్చు. అట్ట నమూనాను పెట్టుకుని మాత్రం కారును ఎన్నడూ కదల్చకూడదు.

ప్లేటుకు మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం చెకర్ షీటు (పాదం జారకుండా పైన ఉబ్బు గీతలున్న రేకు) చాలు. సాలూరులో లారీ బాడీలు కట్టే షెడ్లలో అడిగి చూడండి. అంచులన్నీ ఆకురాయితో నునుపు చేయించి, ఇనుప పట్టీతో బ్రాకెట్లు వంపించుకోవాలి.

బిగింపు విషయంలో నేను చేసిన తప్పు చెప్పాలి. మొదటిసారి రెండువైపులా అంటుకునే టేపుతో సరిపెట్టాను. వానాకాలంలో తడి బూట్లతో సుంకి ఘాట్ దిగుతుండగా అది ఊడి క్లచ్ కిందికి జారింది. బ్రేకు కిందికి జారి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. కాబట్టి బోల్టులు తప్పనిసరి.

నేలరేకులో ఇదివరకే ఉన్న బోల్టులకు బ్రాకెట్టును తగిలించగలిగితే అంతకన్నా మేలు లేదు. రంధ్రం వేయక తప్పదంటే, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, కార్పెట్ ఎత్తి, కింద వైర్లు లేవని చూసి, కారు అడుగున బ్రేకు, పెట్రోలు గొట్టాలు ఎటు పోతున్నాయో దీపం వేసి పరిశీలించాలి. డ్రిల్లు బిట్టుకు టేపు చుట్టి, అది అవసరానికి మించి దిగకుండా హద్దు పెట్టుకోవాలి. ఆరు మిల్లీమీటర్ల స్టీలు బోల్టులూ, వదులుకాని నైలాక్ నట్లూ, అడుగున వెడల్పాటి వాషర్లూ వాడాలి. ఫైబర్‌గ్లాస్ నేల అయితే రేకు కన్నా సులభంగా పగులుతుంది కాబట్టి, వాషరుకు బదులు అరచేయంత ఇనుప పలక వేయించండి. కొరాపుట్ వానలకు కోసిన ప్రతి అంచూ తుప్పు పడుతుంది; రంధ్రానికి ప్రైమరు పూసి, ఆరాకే బోల్టు దించి, చుట్టూ సీలెంటు పెట్టాలి. అల్యూమినియానికీ ఉక్కుకూ మధ్య రబ్బరు వాషరు ఉంటే, తడికి ఆ రెండూ ఒకదానినొకటి తినవు.

బిగించాక ఫ్లోర్‌మ్యాటును ప్లేటు ఆకారానికి కోసి, ఇంజను ఆపి ఉంచి క్లచ్‌ను ఇరవైసార్లు చివరిదాకా తొక్కి, బూటు ఎక్కడా తగలడం లేదని తేల్చుకోవాలి. ఘాట్‌లో ఒక వారం నడిపిన తరువాత నట్లను స్పానరుతో మరొకసారి బిగించి, ఆపై ప్రతి సర్వీసులోనూ వాటిని మీరే స్వయంగా చూసుకోండి.