సమ్మె నోటీసు ఇచ్చేముందు తల్లుల గడప తొక్కండి

ప్రకాశం జిల్లాలో ఒక పల్లెలో ఇరవై రెండేళ్లుగా అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. 2023 డిసెంబర్ 12న మొదలైన సమ్మెలో 42 రోజులూ టెంటు కింద కూర్చున్నాను. ఈమధ్య పక్క మండలంలో కొత్తగా యూనియన్ బాధ్యత తీసుకున్న అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, అధికారులంటే నాకు భయం లేదు. ఊళ్లోవాళ్లు తిడతారేమోనని టెన్షన్‌గా ఉంది" అంది. తనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఆశా వర్కర్లకు, బడుల్లో మధ్యాహ్న భోజనం వండేవాళ్లకు, మున్సిపాలిటీలో ఊడ్చేవాళ్లకు కూడా పనికొస్తుంది.

ఫ్యాక్టరీలో పని ఆగితే యజమానికి నష్టం. మన పని ఆగితే మొదటిరోజే నష్టపోయేది పత్తి తీతకు పోయే తల్లి. మా సెంటరుకు వచ్చే పిల్లల తల్లులు ఎక్కువమంది కూలికి వెళ్లేవాళ్లే. పొద్దున్నే ఆటో ఎక్కేముందు బిడ్డను మా దగ్గర దింపి పోతారు. తాళం పడితే ఆమె ఆ రోజు కూలి మానుకోవాలి, లేదా బడికెళ్లే పెద్దపిల్లను ఇంట్లో ఆపాలి.

చాలా ఏళ్ల కిందట ఒక రెండు రోజుల సమ్మెలో నేను ఎవరికీ చెప్పలేదు. తలుపుకు కాగితం అంటించి వెళ్లిపోయాను. తిరిగొచ్చాక ఒక తల్లి నన్ను దారిలో ఆపింది. "ఆ కాగితం చదవడం వస్తే నేను పత్తి చేలోకి ఎందుకు పోతాను టీచరమ్మా?" అంది. ఆ రెండు రోజులూ చిన్నోడి కోసం ఆమె పెద్దకూతురు బడి మానేసింది. పరీక్ష కూడా పోయింది. నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి నోటీసు మీద సంతకం పెట్టే ముందు గడప గడపకూ వెళ్లడం నేర్చుకున్నాను.

ఎలా వెళ్లాలంటే, ముందు సర్వే రిజిస్టరు తీసి ఒక సాయంత్రం కూర్చోండి. తల్లి కూలికి పోయే ఇళ్లకు ఒక గుర్తు, గర్భిణులు, బాలింతలు ఉన్న ఇళ్లకు ఒక గుర్తు, బరువు తక్కువ పిల్లలున్న ఇళ్లకు ఇంకో గుర్తు పెట్టండి. కనీసం పది రోజుల ముందు నుంచి తిరగడం మొదలుపెట్టండి. పగలు వెళితే ఎవరూ దొరకరు. రాత్రి ఏడు దాటాక, పొయ్యి మీద అన్నం ఉడుకుతున్న వేళ వెళ్లండి. ఆయాను కూడా వెంట తీసుకెళ్లండి. ఆమెది ఆ వీధే అయి ఉంటుంది, మనకంటే ఆమె మాటకే విలువ ఎక్కువ.

వెళ్లగానే కోరికల పట్టిక చదవవద్దు. "ఫలానా తేదీ నుంచి సెంటరు తీయం. మీ పాపను ఎవరు చూస్తారు?" అని ముందు అడగండి. ఆ ప్రశ్న అడిగితేనే ఆమె కష్టం మనకు పట్టిందని ఆమెకు తెలుస్తుంది. మా ఊళ్లో అలా అడుగుతూ పోతే, రామాలయం పక్కింటి ఇద్దరు పెద్దమ్మలు ఏడెనిమిది మంది పిల్లలను తమ అరుగు మీద చూసుకుంటామన్నారు. సమ్మెలో ఉండి ఈ ఏర్పాట్లు మనకెందుకని మాలో కొందరు వాదించారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. సెంటరు తాళం తీయకూడదు, నిజమే. కానీ ఆ పిల్లలకు మనం అన్నం పెట్టాం, ముక్కు తుడిచాం. వాళ్లు ఎక్కడుంటారో కనుక్కుంటే సమ్మె బలహీనపడదు.

తర్వాత సరుకు. గర్భిణులకు, బాలింతలకు ఆ నెల రావలసిన గుడ్లు, పాలు, రాగిపిండి, అటుకులు, చిక్కీ స్టాకు వచ్చినంత వరకూ సమ్మెకు ముందే ఇచ్చేయండి. రిజిస్టరులో సంతకం తీసుకుని ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రేపు ఎవరైనా "కడుపుతో ఉన్నవాళ్ల నోటి దగ్గర కూడు లాగేశారు" అంటే ఆ పేజీ చూపించవచ్చు. బరువు తక్కువ పిల్లల పేర్లు రాసి ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంకు ఇవ్వండి.

ఇక కరపత్రం. మనవాళ్లు కోరికలన్నీ వరుసగా అచ్చు వేయిస్తారు. అది అధికారులకు ఇచ్చే వినతిపత్రం. ఊరికి ఒక్క లెక్క చాలు. 2023లో టీచరుకు నెలకు 11,500, ఆయాకు 7,000. తెలంగాణలో టీచరుకు 13,650. తెలంగాణ కంటే వెయ్యి ఎక్కువ ఇస్తామని 2019 ఎన్నికల ముందు జగన్ మోహన్ రెడ్డి గారు చెప్పిన మాట ఊళ్లో అందరికీ గుర్తుంది. "26,000 కనీస వేతనం" అని మొదలుపెడితే, రోజు కూలి మీద బతికే మనిషికి అది పెద్ద మొత్తంగా వినిపిస్తుంది. అందుకని నేను రోజు లెక్క చెప్పాను. ఆయా జీతం 7,000ను ముప్ఫైతో భాగిస్తే రోజుకు 233 రూపాయలు. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి ప్రకటించిన రోజు కూలి 272. ఈ మాట చెప్పినప్పుడు మా ఆయా పక్కనే నిలబడి ఉంది. ఆ ఇంటామె ఆయా వైపు చూసి, "నీకు అంతేనా వదినా?" అంది. ఇంకేమీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

గ్రాట్యుటీ అన్న మాట ఎవరికీ అర్థం కాదు. "పని మానేసిన నాడు చేతికి వచ్చే డబ్బు. మాకు ఇవ్వాలని 2022లో సుప్రీంకోర్టే చెప్పింది" అనండి.

జనం అడిగే ప్రశ్నలకు ముందే సిద్ధపడండి. "మీవి గవర్నమెంటు ఉద్యోగాలేగా, ఇంకా ఏం కావాలి?" అంటారు. మనకు వచ్చేది జీతం కాదని, గౌరవ వేతనమని, పెన్షన్ లేదని చెప్పండి. "ఎన్నికల ముందే ఎందుకు గుర్తొచ్చింది?" అంటారు. ఎన్నికలప్పుడే మన మాట వింటారని దాచకుండా చెప్పండి. "మీ వెనక ఏ పార్టీ ఉంది?" అన్నదానికి చాలామంది తడబడతారు. తడబడవద్దు. మా సమ్మెను వామపక్ష కార్మిక సంఘాలైన సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూల అనుబంధ సంఘాలు కలిసి నడిపాయి. ఎర్రజెండా కనబడుతూనే ఉంటే కాదని ఎలా అంటాం? టెంటు దగ్గరకు వేరే పార్టీలవాళ్లు వస్తారు. కూర్చోమనండి, మంచినీళ్లు ఇవ్వండి, మద్దతు చెప్పమనండి. ఓట్లు అడగడానికి మాత్రం మైకు ఇవ్వవద్దు. వాళ్ల కండువా మన మెడలో పడిన ఫొటో ఒక్కటి చాలు, ఊళ్లో సగంమంది దూరమవుతారు.

రాస్తారోకోకు నేను ఎప్పుడూ ఓటు వేయను. ఎండలో ఆగిన బస్సులో ఉండేది ఆసుపత్రికి పోయే ముసలాయన, పరీక్షకు పోయే పిల్ల. తప్పదని కమిటీ నిర్ణయిస్తే అంబులెన్సుకు దారి వదిలే బాధ్యత ఇద్దరికి అప్పగించండి. వంటావార్పు మంచి పద్ధతి. మనకు వచ్చిన పనే రోడ్డు పక్కన చేసి చూపిస్తాం, దారినపోయేవాళ్లు ఆగి మాట్లాడతారు.

తేదీ ఎంచుకోవడంలో ఆర్టీసీ అనుభవం చూడండి. 2019లో తెలంగాణ ఆర్టీసీలో సుమారు 48,000 మంది అక్టోబర్ 5 నుంచి నవంబర్ 25 వరకు 52 రోజులు సమ్మె చేశారు. దసరా ప్రయాణాల వేళ మొదలైంది. పండగ రోజుల్లో ప్రభుత్వం మీద ఒత్తిడి ఎక్కువ ఉంటుంది, నిజమే. కానీ సంచులు పట్టుకుని బస్టాండులో నిలబడ్డ మనిషికి "సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలి" అన్న కోరిక తన విషయంలా అనిపించదు. మీ తేదీ పండగ మీద పడితే, కారణం చెప్పే పని రెండింతలు చేయాలి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న నియమం ఒకప్పుడు అత్యవసర ప్రజాసేవలకే ఉండేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అన్ని పారిశ్రామిక సంస్థలకూ పెట్టారు. సగంమంది, అంతకంటే ఎక్కువమంది ఒకేరోజు సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. మీ పనికి ఏది వర్తిస్తుందో యూనియన్ లాయరును అడగండి. ఎలా ఉన్నా నోటీసు కాపీ మీద ముద్ర వేయించుకుని దాచండి. సమ్మె రోజుల డబ్బు రాకపోవచ్చని ఇంట్లోవాళ్లకూ ముందే చెప్పండి.

2024 జనవరి 6న మా మీద ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, పెట్టారు. మమ్మల్ని జైల్లో వేశారని ఊళ్లో పుకారు పుట్టింది. నేను ఆ సాయంత్రమే వీధి వీధి తిరిగి కనిపించి వచ్చాను. మా కోరికలకు మద్దతుగా జనం దగ్గర కోటి సంతకాలు సేకరించాలన్నప్పుడు కూడా అదే లాభం, రెండోసారి గడప తొక్కే అవకాశం వచ్చింది. వేలిముద్ర వేసిన అవ్వలు ఎంతోమంది ఉన్నారు.

చాలాచోట్ల తాళాలు తీయించి సచివాలయం సిబ్బందితో సెంటర్లు నడిపించారు. ఆ సిబ్బందితో గొడవపడవద్దు, వాళ్లదీ పైవాళ్లు చెప్పినట్టు చేసే ఉద్యోగమే. బిడ్డను పంపిన తల్లిని అసలు నిలదీయవద్దు. ఆమెకు ఆ రోజు కూలి కావాలి. మీరు కసిరితే సమ్మె అయ్యాక కూడా మీ మొహం చూడదు.

సమ్మె ముగిసిన రోజే మళ్లీ ఇంటింటికీ వెళ్లండి. మాకు కొన్ని వచ్చాయి, జీతం పెంపు మాత్రం జూలైకి హామీగానే మిగిలింది. అదే చెప్పాను, గెలిచామని గొప్పలు చెప్పలేదు. సెంటరు తెరిచిన మొదటి పూట పిల్లలందరి బరువులు తూయండి. తగ్గినవాళ్ల ఇంటికి ఆ సాయంత్రమే పోండి. చిన్నవాళ్ల కోసం బడి మానిన అక్కలు ఎవరున్నారో కనుక్కుని, వాళ్ల హెడ్‌మాస్టరుతో మీరే మాట్లాడండి.