పక్కకి ఒత్తిగిల్లితే గది తిరుగుతోందా?

మంచం మీద పక్కకి ఒత్తిగిల్లినా, అటక మీది డబ్బా కోసం తల పైకెత్తినా గది గిర్రున తిరిగి, నిమిషం లోపే ఆగిపోతోందా? పైత్యమనో మెడ నరాలనో అనుకుని వారాల తరబడి మాత్రలు మింగకండి. చాలామందిలో ఇది లోపలి చెవిలోని సన్నటి కాల్షియం రేణువులు చోటు తప్పడం వల్ల వస్తుంది. మాత్రలు వాటిని కదపలేవు. తలను ఒక వరసలో తిప్పితే మాత్రం వెనక్కి జారతాయి. దీన్నే ఎప్లీ పద్ధతి అంటారు.

కూర్చోబెట్టి, తలను సమస్య ఉన్న చెవి వైపు 45 డిగ్రీలు తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెడతారు. తల మంచం అంచు నుంచి కాస్త కిందికి వాలాలి. అప్పుడు గది గట్టిగా తిరిగినట్టుంటుంది, భయపడొద్దు, అది తగ్గేదాకా ఆగుతారు. తర్వాత తల రెండోవైపుకి, ఆపైన ఒళ్లంతా అదే పక్కకి, ముక్కు నేలకేసి చూసేలా. చివరికి మెల్లగా లేపుతారు.

మొదటిసారే వీడియో చూసి చేసుకోకండి. ఏ చెవో ఈఎన్‌టీ డాక్టరు గానీ ఈ పని తెలిసిన ఫిజియోథెరపిస్టు గానీ తేల్చాలి. మెడనొప్పి ఉంటే ముందే చెప్పండి. మాట ముద్దగా వచ్చినా, వస్తువులు రెండుగా కనిపించినా, కాలో చెయ్యో పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.