పల్మనరీ హైపర్‌టెన్షన్ ఫైలు చదవడం – 3వ పాఠం: రకం తేల్చాక రిస్కు లెక్క

పోయిన పాఠంలో క్యాథ్ (గుండె కుడివైపుకు సన్నని గొట్టం పంపి ప్రెషర్ కొలిచే పరీక్ష) రిపోర్టులో మూడు అంకెలు వెతకడం నేర్చుకున్నాం. ఊపిరితిత్తుల ధమని సగటు ప్రెషర్ 20 దాటాలి, వెడ్జ్ (ఎడమ గుండె వైపు ప్రెషర్‌ను సూచించే అంకె) 15 మించకూడదు, రక్తనాళాల నిరోధం 2 వుడ్ యూనిట్లు దాటాలి. ఈ మూడూ కుదిరినా వెంటనే పీఏహెచ్ (ఊపిరితిత్తుల ధమనుల్లోనే జబ్బు ఉన్న రకం) అని రాసేయకండి. ఊపిరితిత్తుల జబ్బు, పాత రక్తపు గడ్డలు కారణం కాదని తేలాలి. గడ్డల సంగతి తేల్చడానికి వీక్యూ స్కాన్ (ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం ఎక్కడెక్కడికి చేరుతున్నాయో చూపేది) కావాలి. సీటీ బాగుందని దాన్ని వదిలేస్తే, ఆపరేషన్‌తో బాగుపడే మనిషిని జీవితాంతం మాత్రల మీద ఉంచినట్టే.

ఇక ఈ పాఠం. ఫైలు నేను కల్పించిందే, అంకెలు మాత్రం వార్డులో కనిపించే లాంటివి. గాజువాక నుంచి 34 ఏళ్ళ ఆవిడ. ఏడాదిగా ఆయాసం. రక్తహీనత అనుకుని ఐరన్ మాత్రలు వాడారు. సగటు ప్రెషర్ 52, వెడ్జ్ 10, గుండె నిమిషానికి పంపుతున్న రక్తం 3.6 లీటర్లు. 52లోంచి 10 తీసి 3.6తో భాగిస్తే నిరోధం 11.7 యూనిట్లు. వీక్యూ, సీటీ, ఎకో, లివర్ స్కాన్, హెచ్‌ఐవీ, ఏఎన్‌ఏ (ఆటోఇమ్యూన్ జబ్బుల కోసం చేసే రక్తపరీక్ష) అన్నీ చూశాక కారణం ఏదీ దొరకలేదు. ఇడియోపతిక్ అనే మాట అక్కడే, అన్నీ వెతికాకే రాయాలి.

రకం తెలియడం ఎందుకంత ముఖ్యమంటే, ఒకే ప్రెషర్ ఉన్న ఇద్దరి భవిష్యత్తు ఒకటి కాదు. పుట్టుకతో గుండెలో రంధ్రం ఉండి ఐసెన్‌మెంగర్ దశకు (రంధ్రంలోంచి రక్తం ఎదురు తిరిగే దశ) చేరినవారు ఎక్కువ ప్రెషర్‌తోనే ఏళ్ళ తరబడి నెట్టుకొస్తారు, ఊపిరితిత్తులకు రక్తం పంపే కుడి జఠరిక చిన్నప్పటి నుంచీ ఆ బరువుకు అలవాటుపడి ఉంటుంది. స్క్లెరోడెర్మా (చర్మం బిగుసుకుపోయే జబ్బు) వాళ్ళలో ప్రెషర్ తక్కువగానే కనిపించినా జబ్బు తొందరగా ముదురుతుంది. బీఎంపీఆర్2 జన్యువులో లోపం ఉన్నవారికి చిన్న వయసులోనే, తీవ్రంగా వస్తుంది. ఈ జన్యువు సంగతి 2000లో బయటపడింది. కాబట్టి ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఆయాసంతో పోయారా అని అడగడం మర్చిపోవద్దు.

ఇడియోపతిక్ అని తేలిన ఈవిడకు ఇంకో పరీక్ష బాకీ ఉంది. క్యాథ్ బల్ల మీదే నైట్రిక్ ఆక్సైడ్ పీల్పించి, సగటు ప్రెషర్ కనీసం 10 తగ్గి 40కి గానీ అంతకంటే కిందికి గానీ వస్తుందా, గుండె పంపు తగ్గకుండా ఉందా అని చూడాలి. ఇలా స్పందించేవాళ్ళు పదిమందిలో ఒకరు దొరికితే గొప్ప. దొరికితే మాత్రం పెద్ద డోసు కాల్షియం చానల్ బ్లాకర్లతో చాలా ఏళ్ళు బాగుండొచ్చు. పరీక్ష చెయ్యకుండా ఆ మందు రాసేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. ఈవిడ స్పందించలేదు.

ఇప్పుడు రిస్కు. కొత్తగా చదివేవాళ్ళ కళ్ళు 52 దగ్గరే ఆగిపోతాయి. రిస్కు పట్టికల్లో ఆ అంకెకు చోటే లేదని గమనించండి. కుడి జఠరిక అలిసిపోయాక ముందుకు నెట్టే శక్తి తగ్గి, ప్రెషర్ కూడా దిగుతుంది. పోయిన నెల కంటే ప్రెషర్ తగ్గింది, కాళ్ళ వాపు మాత్రం పెరిగింది అంటే అది శుభవార్త కాదు. అడగాల్సింది కుడి గుండె ఎలా ఉందని.

దానికి చవకైన కొలతలు మూడు: రోజువారీ పనిలో ఆయాసం, ఆరు నిమిషాల నడక, రక్తంలో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ (గుండె మీద ఒత్తిడి పెరిగితే పెరిగే పదార్థం). మొదటిది మాటల్లోనే తేలుతుంది, కానీ అడిగే తీరు ఉంది. "ఆయాసముందా అమ్మా?" అంటే చాలామంది "అంతేం లేదండి" అంటారు, ఎందుకంటే ఆయాసం వచ్చే పనులు అప్పటికే మానేసి ఉంటారు. విశాఖ ఎలాగూ ఎత్తుపల్లాల ఊరు, అడగడానికి కొలతలు బోలెడు. రైతు బజార్ నుంచి సంచి మోసుకొచ్చేటప్పుడు ఎక్కడ ఆగుతున్నారు, సింహాచలం మెట్లు ఎప్పటినుంచి మానేశారు, స్నానం చేసి జడ వేసుకునేలోపు కూర్చోవాల్సి వస్తోందా? ఈవిడ జడ దగ్గరే ఆగిపోతోంది. ఆయాసాన్ని బట్టి ఒకటి నుంచి నాలుగు దాకా వేసే తరగతుల్లో ఈవిడది మూడో తరగతి.

నడకకు 30 మీటర్ల చదునైన కారిడార్ కావాలి. ఓపీ జనం మధ్యలో నడిపిస్తే ఆ అంకె పనికిరాదు. ఈవిడ 360 మీటర్లు నడిచింది, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 900. మోకాళ్ళ నొప్పి మొదటి అంకెను, కిడ్నీ జబ్బు రెండో అంకెను తారుమారు చేస్తాయని పక్కన రాసుకోండి.

2022 యూరోపియన్ మార్గదర్శకాల ప్రకారం మొదటిసారి చూసినప్పుడు మూడు మెట్ల పట్టిక వాడతాం. నడక 440 దాటితే తక్కువ రిస్కు, 165 లోపైతే ఎక్కువ. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 300 లోపు, 1,100 పైన అలాగే. ఈవిడ మూడింటిలోనూ మధ్యలో పడింది. ఏడాదిలో మరణ ప్రమాదం 5 నుంచి 20 శాతం అన్నమాట. ఈ శాతం గుంపుది, ఈ ఒక్క మనిషిది కాదు. కుటుంబంతో మాట్లాడేటప్పుడు ఆ తేడా విప్పి చెప్పండి.

మందులు మొదలయ్యాక పట్టిక మారుతుంది, నాలుగు మెట్లవుతుంది. ఒకటి, రెండు తరగతులకు 1 మార్కు, మూడుకు 3, నాలుగుకు 4. నడక 440 పైన 1, 320 నుంచి 440 దాకా 2, 165 నుంచి 319 దాకా 3, ఆ కింద 4. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీకి గీతలు 300, 650, 1,100. మూడింటి సగటు తీసి దగ్గరి పూర్ణాంకం చేయాలి. టడలాఫిల్, ఆంబ్రిసెంటాన్ (రెండూ ఊపిరితిత్తుల రక్తనాళాలను వదులు చేసే మాత్రలు) కలిపి వాడిన నాలుగు నెలలకు ఈవిడ రెండో తరగతికి వచ్చింది, 410 మీటర్లు నడిచింది, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 520. మార్కులు 1, 2, 2. సగటు 1.67, అంటే రెండో మెట్టు. మెరుగే, కానీ చేరాల్సింది మొదటి మెట్టు. ఇలాంటప్పుడు మందు పెంచాలా, మార్చాలా అన్నది 5వ పాఠంలో.

అభ్యాసం. 58 ఏళ్ళ ఆవిడ. అరకు చలికి వేళ్ళు తెల్లబడి నీలంగా మారతాయి, వేళ్ళ చర్మం బిగుసుకుంది. సగటు ప్రెషర్ 38, వెడ్జ్ 9, గుండె పంపు 3.4. ఊపిరితిత్తుల్లో గ్యాస్ మార్పిడి సామర్థ్యం 34 శాతమే. మూడో తరగతి, నడక 290, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 1,400. నిరోధం ఎంత? రకం రాసేముందు సీటీలో ఏం వెతుకుతారు? మొదటి ఆవిడ కంటే ప్రెషర్ తక్కువున్నా ఈవిడ గురించి ఎందుకు ఎక్కువ కంగారుపడాలి? మూడో ప్రశ్నకు రెండు కారణాలైనా రాయండి, జవాబులు 4వ పాఠం మొదట్లో చూద్దాం.