నా 1968 మస్టాంగ్‌కు అసలు వీల్ కవర్లు ఎలా దొరికాయంటే

పెన్సిల్వేనియాలో ఉంటున్న నేను రెండేళ్ల కిందట 1968 ఫోర్డ్ మస్టాంగ్ కొన్నాను. అమ్మిన వ్యక్తి చక్రాలకున్న వీల్ కవర్లు, అంటే చక్రాన్ని బయటి వైపు కప్పే లోహపు మూతలు, ఫ్యాక్టరీవేనని గట్టిగా చెప్పాడు. చూడ్డానికి బాగున్నా నాకు నమ్మకం కుదరలేదు.

మొదట తలుపు మీది ప్లేటు చూశాను. రంగు, లోపలి అలంకరణ, యాక్సిల్, గేర్‌బాక్స్ కోడ్‌లున్నాయి కానీ వీల్ కవర్ల ఊసే లేదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఊహల్లో పడతారు. ఫోర్డ్ ఉత్పత్తి రికార్డుల హక్కులున్న మార్టీ ఆటో వర్క్స్ 1967 నుంచి తయారైన కార్లకు నివేదిక ఇస్తుంది. నా కారు నంబరు పంపితే ఫ్యాక్టరీలో అమర్చిన ఐచ్ఛిక పరికరాల జాబితా వచ్చింది. అందులో వీల్ కవర్లున్నాయి! ఆ రోజు నా సంతోషం చెప్పలేను.

తర్వాత పాత విడిభాగాల కేటలాగు తెరిచాను. ఫోర్డ్ నంబర్లలో సీ అంటే 1960ల దశకం, పక్కనున్న 8 అంటే 1968, జెడ్ అంటే మస్టాంగ్. మధ్యలోని 1130 వీల్ కవరును సూచిస్తుంది. బొమ్మలతో పోల్చితే నా దగ్గరున్నవి 1967 నాటివని తేలింది.

అక్టోబరులో మా పెన్సిల్వేనియాలోని హెర్షీలో జరిగే పాత విడిభాగాల సంతలో రెండు రోజులు తిరిగి 1968 నాటి కవర్లు నాలుగూ సంపాదించాను. ఒకదానికి సొట్ట ఉంది. వెనుక నుంచి చెక్క సుత్తితో మెల్లగా తట్టి సరిచేశాను. తొందరపడితే లోహం సాగిపోతుంది. బిగించే ముందు అంచు లోపలి పట్టీలు వంగలేదని చూసుకున్నాను. ఇప్పుడు కదలకుండా కూర్చున్నాయి.