బొమ్మల పీరియడ్ – మూడో పాఠం: ‘ఏం వెయ్యాలి సార్?’

గత పాఠంలో పెన్సిలు పట్టు, గీత బరువు చూశాం. ఈసారి గీత మొదలవకముందు జరిగే పని: పిల్లలకు ఏం వెయ్యమని చెప్పాలి, ఎలా చెప్పాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు, 40 నిమిషాల పీరియడ్ అనుకుని రాస్తున్నాం. తలా రెండు ఏ4 కాగితాలు, ఒక 2బి పెన్సిలు (మెత్తటిది), స్కేలు కావాలి. హెచ్‌బీ పెన్సిలుతో పిల్లలు నొక్కి గీస్తారు, కాగితంలో గాడి పడుతుంది, తుడిచినా పోదు. రబ్బరు మొదటి 8 నిమిషాలూ సంచిలోనే ఉండాలి.

“మీకు నచ్చిన బొమ్మ వెయ్యండి” అంటే ఏం వస్తుందో మీకు తెలుసు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందికి దిగే ఏరు, ఒడ్డున గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, పైన టిక్కు మార్కుల్లాంటి పక్షులు. చుట్టుపక్కల కొండన్నదే లేని ఊళ్ళో కూడా ఇదే బొమ్మ. ఇది బద్ధకం కాదు. ‘నచ్చింది’ అనగానే పిల్లలు వెతుక్కోరు, చేతికి అలవాటైనదాన్ని దించేస్తారు. పోటీల్లో ఇచ్చే అంశాలదీ ఇదే తంటా. ‘పర్యావరణ పరిరక్షణ’ అనండి, భూగోళాన్ని పట్టుకున్న రెండు చేతులు వస్తాయి. అంశం ఎంత వెడల్పుగా ఉంటే చెయ్యి అంత త్వరగా పాత దారి పడుతుంది. కాబట్టి అంశాన్ని ఇరుకు చెయ్యాలి.

అలా ఇరుకు చేసి ఇచ్చే మాటనే ప్రాంప్ట్ అంటున్నారు. తరగతిలో ‘చీటీ’ అంటే చాలు. చీటీలో మూడు ముక్కలుంటాయి: వస్తువు, మెలిక, హద్దు.

బోర్డు మీద ‘గొడుగు’ అని రాస్తే నలభై కాగితాల మీదా ఒకటే బొమ్మ: అరచంద్రం, దాని కింద కొక్కెం లాంటి పిడి. అది వస్తువు మాత్రమే. ‘గాలికి తిరగబడ్డ గొడుగు’ అంటే మెలిక పడింది. ఇప్పుడు ఊచలు ఎటు వంగాయి, గుడ్డ ఎక్కడ ఊడింది, పట్టుకున్న మనిషి ఎటు వాలాడు అని ఆలోచించక తప్పదు. ‘గాలికి తిరగబడ్డ గొడుగు కాగితం అంచుల్లో రెండింటిని తాకాలి’ అంటే హద్దు కూడా వచ్చింది. హద్దు లేకపోతే బొమ్మ కాగితం మధ్యలో అగ్గిపెట్టంత అవుతుంది. మిగిలిన తెలుపునంతా మబ్బులతో నింపుతారు.

ఒక చీటీలో రెండు మెలికలు పెట్టకండి. ‘తిరగబడిన, చిల్లులు పడిన గొడుగు’ అంటే పిల్లలు చిల్లులు మాత్రం గీసి ఊరుకుంటారు, అది సులువు గనక. మూడు, నాలుగు తరగతుల వాళ్ళకు హద్దు కూడా వద్దు, మెలిక చాలు.

ఇక పీరియడ్. మొదటి 3 నిమిషాలు చీటీకి. రెండుసార్లు పైకి చదివి బోర్డు మీద రాయండి, బొమ్మ మాత్రం వేసి చూపించకండి. మీరు గొడుగు గీశారంటే తరగతంతా ఆ గొడుగే. తర్వాత 5 నిమిషాలు చిత్తుకు: కాగితాన్ని రెండు మడతలు పెట్టి విప్పితే నాలుగు గళ్ళు వస్తాయి, గడికి ఒక్క నిమిషం, చివరి నిమిషం ఎంపికకు. మొదటి గడిలో దాదాపు ఎప్పుడూ అలవాటు బొమ్మే పడుతుంది. రెండోది దానికే చిన్న మార్పు. మూడో గడికి వచ్చేసరికి వేరే దారి లేక చూసే చోటు మారుస్తారు: మేడ మీద నుంచి గొడుగు, గొడుగు లోపలి నుంచి ఆకాశం. ఇంత చేయించి “బాగున్నది ఎంచుకో” అన్నారో, శుభ్రంగా ఉన్న మొదటి గడికే పోతారు. “మొదటిది కాక ఏదైనా” అనండి. ఆపైన 22 నిమిషాలు రెండో కాగితం మీద అసలు బొమ్మ. 7 నిమిషాలు తాడు కట్టి బట్టల క్లిప్పులతో అన్నీ వేలాడదీసి చూడటం. 3 నిమిషాలు సర్దుకోవడం. చూసేటప్పుడు “ఏది బాగుంది?” అని అడిగితే ఎప్పుడూ బాగా వేసే ఇద్దరి పేర్లే వినిపిస్తాయి. “ఏ బొమ్మలో గాలి జోరుగా ఉంది?” అని అడగండి.

అన్ని చీటీలూ మాటలే కానక్కర్లేదు. మరకలు పడ్డ గోడను చూస్తూ ఉంటే అందులో కొండలూ యుద్ధాలూ కనబడతాయని లియొనార్డో డావిన్చీ చిత్రకారులకు రాసిపెట్టాడు. మన పిల్లలకు మరకల కన్నా చుక్కలు దగ్గర. వాకిట్లో ముగ్గుకు ముందు చుక్కలే పడతాయి, గీత ఆ తర్వాత. అందుకని ఐదు చుక్కల ఆట తప్పకుండా ఆడించండి.

ప్రతి పిల్లా పిల్లాడూ పక్కవాళ్ళ కాగితం మీద ఐదు చుక్కలు పెడతారు. చుక్కకూ చుక్కకూ నాలుగు వేళ్ళ ఎడమైనా ఉండాలి, ఐదూ ఒకే వరసలో ఉండకూడదు. కాగితం తిరిగి ఇచ్చాక ఒక చుక్క తల, రెండు చేతులు, రెండు పాదాలు. ఏది ఏదో గీసేవాళ్ళే నిర్ణయించుకోవాలి. తల చుక్క అడుగున పడితే పిల్లిమొగ్గ వేస్తున్న మనిషి వస్తాడు, అలాంటివే ఈ ఆటకు అందం.

ఇక్కడ నూటికి తొంభైమంది చేసే తప్పు, చుక్క దూరంగా ఉంటే చేతిని పాములా సాగదీయడం. దానికి కొలత ముందే చేయించండి. తల చుక్క నుంచి దూరంగా ఉన్న పాదం చుక్క దాకా స్కేలు పెట్టి, వచ్చినదాన్ని ఆరుతో భాగించాలి. 18 సెంటీమీటర్లు వస్తే తల పొడవు 3 సెంటీమీటర్లు. పదేళ్ళ పిల్లల ఒళ్ళు సుమారు ఆరు తలల పొడవుంటుంది, లెక్క అక్కడిదే. ఆ దూరపు కాలు చాచి ఉంటుంది, రెండో కాలు మోకాలి దగ్గర మడవాలి. దూరం 12 లోపు వస్తే భాగహారం వదిలేసి తలను 2 సెంటీమీటర్లు పెట్టి, రెండు మోకాళ్ళూ మడవమనండి. చెయ్యి భుజం నుంచి వేళ్ళ కొస దాకా మూడు తలలకు మించదు. నమ్మనివాళ్ళను నిలబెట్టి చెయ్యి వదలమంటే వేళ్ళు తొడ మధ్యకు వస్తాయి, తరగతంతా చూస్తుంది. అయినా చుక్క అందకపోతే? నడుము వంచు, చెయ్యి సాగదీయకు. ఈ మాట బోర్డు మీద రాసి ఉంచండి. నడుము వంగగానే బొమ్మలో పరుగో, గెంతో, పడిపోవడమో దానంతట అదే పుడుతుంది.

చీటీల డబ్బా ఒకటి తయారు చేసుకుంటే ఏడాది గడిచిపోతుంది. పాత నోటుబుక్కు అట్టలు కత్తిరించి, 20 ముక్కల మీద వస్తువులు, 20 ముక్కల మీద మెలికలు రాయండి. ఒకటీ ఒకటీ తీస్తే 400 జతలు. కొన్ని కుదరవు, కుదరనివి మళ్ళీ డబ్బాలోకి. జత చేయకుండా ఒక్కటిగానే నిలిచే చీటీలు విడిగా ఉంచండి: ‘కిటికీలోంచి బస్సు సీటు మీద తువ్వాలు వేస్తున్న చెయ్యి’, ‘సగం దారిలో తెగిన చెప్పు’, ‘తాటికాయల బండి మలుపు తిరిగే చోట’. వీటిలో వస్తువు ఒక పని మధ్యలో ఉంది. గీయడానికి అదే పట్టు.

“సార్, నాకు రాదు” అన్న పిల్ల కాగితం మీద మీరు గీత పెట్టకండి. పెడితే ఆ బొమ్మ మీదైపోతుంది, మర్నాడూ మీకోసమే ఎదురుచూస్తుంది. చిన్న ప్రశ్న వెయ్యండి: “గాలి ఎటు నుంచి వస్తోందమ్మా? ఆ వైపు ఒక్క గీత గియ్యి.” పక్కవాళ్ళది చూసి వేస్తుంటే తిట్టకుండా వరస మార్చి వరసకు హద్దు మార్చండి: ఒక వరసకు బొమ్మ రెండు అంచుల్ని తాకాలి, తర్వాతి వరసకు బొమ్మలో సగం కాగితం బయటికి పోవాలి.

వచ్చే పాఠానికి ముందు మీ పని: పది చీటీలు రాయండి, ఒక్కొక్కటి పన్నెండు మాటల లోపు. ఒక్కోదానికి 3 నిమిషాల చొప్పున మీరే గీయండి. పది సెకన్లలోపే చెయ్యి కదిలితే అది అలవాటు బొమ్మ, ఆ చీటీకి మెలిక మార్చండి. నిమిషం దాటినా ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే వస్తువు కంటికి కనబడేది కాదన్నమాట, తీసెయ్యండి. మిగిలినవి డబ్బాలో వేసి ఉంచండి, నాలుగో పాఠంలో వాటికి రంగు చేరుస్తాం.